పని ముగియదు, ముగించాలి

(వృత్తి నిపుణుల సమావేశంలో ఒక ఆడిటర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ సభలో మాట్లాడమని నిర్వాహకులు నాకు ఫోన్ చేసింది రాత్రి పదిన్నరకి. "మేడమ్, పనికీ జీవితానికీ మధ్య సమతుల్యం గురించి ఓ ముప్పావు గంట మాట్లాడాలి" అన్నారు. ఆ వేళప్పుడు ఆయన ఫోన్ చేయడం ఒక తప్పైతే, రెండో రింగుకే నేను ఎత్తడం అంతకన్నా పెద్ద తప్పు. (నవ్వులు) కాబట్టి అన్నీ చక్కబెట్టుకున్న మనిషి వచ్చి మీకు చెబుతోందని అనుకోకండి. ఇరవై రెండేళ్లుగా ఆడిటింగ్ చేస్తున్నాను. అందులో మొదటి పదిహేనేళ్లు ఎలా బతక్కూడదో అలా బతికాను. మిగతా ఏడేళ్లుగా దాన్ని సరిదిద్దుకుంటున్నాను. ఇంకా పూర్తి కాలేదు.

మా వృత్తిలో రోజంతా బ్యాలెన్స్ అనే మాటతోనే కాపురం. అందుకే ఎవరైనా ‘వర్క్ లైఫ్ బ్యాలెన్స్’ అంటే నాకు లోపల నవ్వొస్తుంది. బ్యాలెన్స్ షీట్‌లో రెండు వైపులా మొత్తం సమానంగా వచ్చినంత మాత్రాన కంపెనీ బాగున్నట్టు కాదండీ. రేపో మాపో దివాలా తీయబోయే కంపెనీ బ్యాలెన్స్ షీట్ కూడా చివరి అంకె దాకా టాలీ అవుతుంది. ఆఫీసుకి ఇన్ని గంటలు, ఇంటికి ఇన్ని గంటలు అని గీత గీసి పంచుకోవడం కూడా అలాంటిదే. లెక్క కుదురుతుంది. ఆ ఇంటి గంటల్లో మనసు ఎక్కడ తిరిగిందో మాత్రం ఏ పట్టికలోనూ కనిపించదు.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. రాత్రి పక్కలో పడుకుని కథ చెప్పేది. మా ఇంట్లో కథ చెప్పేది తనే, ఊ కొట్టేది నేను. ఒక చేత్తో దాని వీపు నిమురుతూ, ఇంకో చేత్తో ఫోన్‌లో మెయిల్స్ జరుపుకుంటూ ఊ కొడుతూ ఉండేదాన్ని. ఒక రోజు చెప్పింది: "అప్పుడు ఏనుగు వచ్చి మా స్కూలు బస్సు నడిపింది." ఊ. "డ్రైవర్ అంకుల్ తొండం పట్టుకుని వేలాడాడు." ఊ. "బస్సు ఎగిరి చందమామ మీద పడింది. నువ్వు కూడా అందులోనే ఉన్నావు." ఊ. కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది, "అమ్మా, నువ్వు వింటున్నావా, ఊ కొడుతున్నావా?" అని.

ఆ రోజు నేను ఆరున్నరకే ఇంటికి వచ్చేశాను. టైమ్‌షీట్ తీసి చూస్తే ఆ సాయంత్రం మొత్తం కుటుంబం ఖాతాలోనే పడుతుంది. ఆడిటర్‌ని కాబట్టి చెబుతున్నాను, అది తప్పుడు ఎంట్రీ.

ఎందుకలా అయిందో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అర్థమైంది కూడా ఒక చిన్న మాట దగ్గర. తీరిక అంటాం కదా, అది ‘తీరు’ అనే క్రియ నుంచి వచ్చింది. పని తీరాలి, తీరాక వచ్చేది తీరిక. కుండ చేసేవాళ్లకి కుండ తయారవుతుంది, గోడ కట్టేవాళ్లకి గోడ లేస్తుంది. అక్కడ పని తీరడం కంటికి కనిపిస్తుంది. మన పనులు అలా తీరవు. ఇన్‌బాక్స్ తీరిపోవడం ఎవరైనా చూశారా? డాక్టర్‌కి పేషెంట్లు తీరిపోతారా? ఈ ఒక్క ఫైలు అయిపోనీ, ఈ ప్రాజెక్టు గట్టెక్కనీ, ఈ క్వార్టర్ దాటనీ అంటూ నేను పదిహేనేళ్లు తీరిక కోసం ఎదురుచూశాను. నిజాయితీగానే ఎదురుచూశాను. రానిదాని కోసం కూర్చున్నానని తెలియలేదు, అంతే.

ఇంకో జత మాటలున్నాయి. ముగియడం, ముగించడం. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది మనం చేసేది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ రెండింటి మధ్య తేడాలోనే ఉంది. మన పని ముగియదు. రోజూ ఒక వేళకి మనమే దాన్ని ముగించాలి, సగంలో ఉన్నా సరే. అలా సగంలో లేవడం, లేచాక దాని గురించి మథనపడకుండా ఉండడం ఒక నేర్పు. కారు నడపడం నేర్చుకున్నట్టు దాన్నీ నేర్చుకోవాలి. "నా స్వభావమే అంత, పని వదల్లేను" అనేవాళ్ల మాట నేను నమ్మను. నేనూ అదే అనేదాన్ని కాబట్టి.

అయితే ఈ నేర్పు మనకు రాకుండా చుట్టూ ఉన్న మాటలే అడ్డుపడతాయి. "ఆయన పని రాక్షసుడండీ" అంటాం. తిట్టా అది? పొగడ్త! రాక్షసుడు అనే మాటను ఇంత మెచ్చుకోలుగా ఇంకెక్కడైనా వాడతామా? నన్ను ఆఫీసులో పని రాక్షసి అనేవాళ్లు, నేను సంబరపడిపోయేదాన్ని. అదే ఎవరైనా కాసేపు ఊరికే కూర్చుంటే "ఖాళీగా కూర్చున్నాడు" అంటాం. తీర్పు అందులోనే ఉంది.

ఈ పని ముగించే వేళ అనేది మనుషులకు ఊరికే దొరకలేదు. పారిశ్రామిక విప్లవం తొలి రోజుల్లో ఫ్యాక్టరీల్లో రోజుకి పన్నెండు, పధ్నాలుగు గంటలు చాకిరీ చేయించేవాళ్లు. 1817లో రాబర్ట్ ఓవెన్ అనే ఆయన "ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి" అన్న నినాదం ఇచ్చాడు. ఆయన కార్మికుడు కాదు, స్కాట్లాండ్‌లో నూలు మిల్లు నడిపిన యజమాని. అది నాకు ముచ్చటగా అనిపిస్తుంది. 1886 మే 1న అమెరికాలో లక్షల మంది ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మెకు దిగారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడ్డాక చేసుకున్న మొట్టమొదటి ఒప్పందమే పని గంటల గురించి. పరిశ్రమల్లో రోజుకి 8, వారానికి 48 గంటలు అని అందులో రాసుకున్నారు. ఓవెన్ నినాదం నుంచి లెక్కేస్తే నూట రెండేళ్లు.

అంత కష్టపడితే వచ్చింది సాయంత్రం సైరన్. అది మోగితే చేతిలో ఉన్నది అక్కడ పెట్టేసి బయటికి నడవడమే. మనకి ఫోన్ రాగానే ఆ సైరన్ తీగ మనమే పీకేశాం. నన్నైతే ఎవరూ బలవంతం కూడా చేయలేదు.

1930లో జాన్ మేనార్డ్ కీన్స్ అనే ఆర్థికవేత్త, వందేళ్ల తర్వాత మనుషులు వారానికి పదిహేను గంటలు పనిచేస్తే సరిపోతుందని రాశాడు. సంపద పెరుగుతుందన్న ఆయన అంచనా అభివృద్ధి చెందిన దేశాల్లో చాలావరకు నిజమైంది. పదిహేను గంటల ఆఫర్ లెటర్ మాత్రం మీలో ఎవరికీ వచ్చినట్టు లేదు. (నవ్వులు)

సరే, ఎక్కువ గంటలు కూర్చుంటే ఎక్కువ పనైనా అవుతుందా? దీనికి నాకు బాగా నచ్చిన ఆధారం ఒక శతాబ్దం కిందటిది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో మందుగుండు ఫ్యాక్టరీల కార్మికులు, వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు, విపరీతమైన గంటలు పనిచేశారు. ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఎన్ని గుండ్లు తయారయ్యాయి అని అప్పట్లో జాగ్రత్తగా రాసి పెట్టారు. ఆ రికార్డుల్ని స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014 ప్రాంతంలో మళ్లీ విశ్లేషించాడు. వారానికి సుమారు 49 గంటల వరకూ గంటలకు తగ్గట్టు ఉత్పత్తి పెరిగింది. అక్కడి నుంచి పెరుగుదల నీరసించింది. 70 గంటలు చేసిన వారంలో వచ్చిన సరుకు, 56 గంటలు చేసిన వారంలో వచ్చిన సరుకు కంటే పెద్దగా ఎక్కువేం లేదు. అంటే ఆ పధ్నాలుగు గంటలూ దాదాపు గాలికి పోయాయి. ఆదివారం సెలవు లేకుండా చేసిన వారాల్లో ఉత్పత్తి ఇంకా దెబ్బతింది. గుండ్లు లెక్కపెట్టొచ్చు కాబట్టి అక్కడ సంగతి బయటపడింది. మన పని లెక్కపెట్టలేం, కాబట్టి రాత్రి పదకొండు దాకా కూర్చుని చాలా సాధించామని అనుకుంటాం.

ఒకసారి ఒక క్లయింట్ రిపోర్టు రాత్రి ఒంటిగంటన్నరకి పూర్తి చేసి పంపాను. తరుగుదల లెక్కలో ఒక అంకె ముందు మైనస్ గుర్తు ఎగిరిపోయింది. తీసేయాల్సిన మొత్తం కలిసిపోయింది. ఆ అంకె మీద ఆధారపడ్డ పట్టికలు ఇంకో మూడు. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక పూట, అన్నీ సరిచేయడానికి రెండు రోజులు, క్లయింట్ ముందు తలదించుకుని సంజాయిషీ చెప్పుకోవడానికి ఇంకో పూట. ఆ రాత్రి నేను కలిసొచ్చాయనుకున్నవి రెండు గంటలు. పొద్దున తొమ్మిదింటికి చూసి ఉంటే ఆ మైనస్ నా కళ్లలో పొడుచుకునేది.

ఇక శరీరం సంగతి. దీన్ని పొడుగు చేయను, అంకెలు చెప్పి వదిలేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రచురించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల వచ్చిన పక్షవాతంతో, గుండెజబ్బుతో 2016 ఒక్క ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా 7,45,000 మంది చనిపోయారని. 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీలో ఎందరు మనసులో తమ గంటలు కూడుకుంటున్నారో నాకు ఇక్కణ్నుంచే కనిపిస్తోంది.

బర్నౌట్ అన్న మాట ఈ మధ్య తుమ్మినా దగ్గినా వాడేస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల వర్గీకరణలో దాన్ని నిర్వచించింది. జబ్బు అని కాదు, పనిచేసే చోట దీర్ఘకాలం ఉన్న ఒత్తిడిని సంభాళించుకోలేకపోతే వచ్చే స్థితి అని. అలసట ఒక లక్షణం. చేసే పని మీద విరక్తి, ఒక రకమైన ఎకసెక్కం రెండోది. పనితనం తగ్గిపోయిందని అనిపించడం మూడోది. నాకు అలసట తెలియలేదండీ, రెండోది ముందు వచ్చింది. ఫోన్ మీద క్లయింట్ పేరు చూడగానే "వీళ్లకి వేరే పనే లేదా" అనుకునేదాన్ని. వాళ్ల పనే కదా నా బతుకుతెరువు! అలాంటి మాట మీ నోట్లోంచి వస్తుంటే ఆగి చూసుకోండి.

మరి సెలవు పెడితే సరిపోతుందా? పెట్టాను. సెలవు మొదటి రోజే తలపోటు, ఒళ్లు నొప్పులు, జలుబు. మూడేళ్లు వరసగా ఇదే. "నువ్వు ఆఫీసులో ఉంటేనే ఆరోగ్యంగా ఉంటావు" అని మా ఆయన వెక్కిరించేవారు. ఇలా సెలవుల్లోనే జబ్బు పడేవాళ్ల మీద నెదర్లాండ్స్‌లో ఆడ్ వింగర్‌హూట్స్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 2002లో ఒక పరిశీలన ప్రచురించారు. పనిభారం ఎక్కువగా ఉన్నవాళ్లు, పనిలోంచి విశ్రాంతిలోకి మారడం చేతకానివాళ్లు అందులో ఎక్కువగా కనిపించారు. చదువుతూ ఉంటే నా గురించే రాసినట్టుంది. వేగంగా వెళ్తున్న బండికి సడన్ బ్రేకు వేస్తే ఏమవుతుంది? ఏడాదంతా నూరు మీద నడిపి, సెలవు రోజున సున్నాకి రమ్మంటే ఒళ్లు ఒప్పుకోదు. రోజూ కాస్త కాస్త ఆగడం అలవాటున్నవాళ్లకే పెద్ద సెలవు కూడా ఒంటబడుతుంది.

కాబట్టి రోజూ ఆగడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ కొంచెం నింపాదిగా చెబుతాను.

బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు కొన్ని ప్రయోగాలు చేసి, 1927లో వాటి ఫలితాలు ప్రచురించింది. పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆపేసిన పనులే మనుషులకు బాగా గుర్తుంటున్నాయని చెప్పింది. ఆ తర్వాత చేసిన వాళ్లందరికీ అదే ఫలితం రాలేదు, అది వేరే సంగతి. కానీ సగంలో ఉన్న పని బుర్రలో గీరుతూ ఉంటుందన్నది మనకి అనుభవమే. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు ఇంకో అడుగు వేశారు. ఆ గీరుడు ఆగాలంటే పని పూర్తి కానక్కర్లేదట. ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా ఒక ప్లాన్ వేసుకుంటే చాలు, బుర్ర వదిలేస్తోంది. 2018లో బేలర్ యూనివర్సిటీలో 57 మంది మీద ఇంకో చిన్న ప్రయోగం జరిగింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపు చేయాల్సిన పనులు రాసుకున్నవాళ్లు, చేసేసిన పనులు రాసుకున్నవాళ్ల కంటే సగటున సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రలోకి జారుకున్నారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా.

ఈ ‘వివరంగా’ అన్నదే కీలకం. నేను మొదట్లో రాసుకున్నది ఇలా ఉండేది: "స్టాక్ ఫైలు పూర్తి చేయాలి." అది చూస్తే టెన్షన్ ఇంకా పెరిగేది. పూర్తి చేయాలి అంటే ఎప్పుడు, ఎక్కడి నుంచి? బుర్రకి అది జవాబు కాదు, ఇంకో ప్రశ్న. ఇప్పుడు నా నోట్‌బుక్‌లో నిన్నటి పేజీ చదువుతాను వినండి: "రేపు 9:30. స్టాక్ ఫైలు, 14వ పేజీ, మూడో వరస. గోడౌన్ లెక్కకీ రిజిస్టర్‌కీ 40 పెట్టెలు తేడా. ముందు గోడౌన్ ఇన్‌చార్జికి ఫోన్. ఆయన దొరక్కపోతే 15వ పేజీ మొదలుపెట్టు." అంతే. పుస్తకం మూసేసి, పెన్ను దాని మీద అడ్డంగా పెడతాను. ఆ పెన్నే నా సైరన్. ఇంటికి వెళ్లాక ఆ నలభై పెట్టెలు గుర్తుకొస్తే, "పద్నాలుగో పేజీలో ఉన్నాయి" అనుకుంటాను. మళ్లీ గుర్తుకొస్తే మళ్లీ అనుకుంటాను. మొదటి నెల రోజుకి ఇరవై సార్లు అనుకున్నాను. ఇప్పుడు రెండు మూడు సార్లు.

ఆఖరి పావుగంట దీనికి కేటాయించండి. ఆ పావుగంటలో కొత్త మెయిల్ తెరవకండి. చివరి నిమిషంలో తెరిచిన మెయిల్ చెప్పులో రాయి లాంటిది, ఇంటిదాకా మీతోనే వస్తుంది.

తర్వాత, ఇంటికెళ్లి ఏం చేయాలి? దీని మీద జర్మనీకి చెందిన సాబినే జోనెన్‌టాగ్ చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. 2007లో షార్లెట్ ఫ్రిట్జ్‌తో కలిసి ఆమె రాసినదాని ప్రకారం, సేదతీరడానికి పనికొచ్చే అనుభవాలు నాలుగు రకాలు. పని నుంచి మనసు తెగడం, ఒళ్లూ మనసూ సడలడం, కొత్తది ఏదైనా నేర్చుకుంటూ పట్టు సాధించడం, ఆ సమయం మన చేతిలో ఉందనిపించడం. మూడోది చూశారా? అలసిపోయి వచ్చినవాడు సోఫాలో పడి ఉండడమే విశ్రాంతి అనుకుంటాం. మా ఆఫీసులో ఒకాయన నలభై ఎనిమిదేళ్లకి వేణువు మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఘోరంగా వాయిస్తాడు. (నవ్వులు) కానీ ఆ అరగంట ఆయన బుర్రలో ఆఫీసుకి చోటుండదు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చూసుకోవడంతోనే సరిపోతుంది. నేను గంటసేపు ఫోన్‌లో వీడియోలు జరుపుకుంటే, మధ్యలో పైనుంచి ఆఫీసు నోటిఫికేషన్ ఒకటి జారుతుంది. వేలు దాని మీదకి ఎప్పుడు వెళ్లిందో నాకే తెలియదు.

ఇక్కడ ఒక నిమిషం మీ చేత పని చేయిస్తాను. కుర్చీలో వెనక్కి ఆనండి. రెండు పిడికిళ్లూ గట్టిగా బిగించండి. ఇంకా గట్టిగా. భుజాలు చెవుల దాకా లేపండి. ఐదు లెక్కపెడతాను... ఇప్పుడు ఒక్కసారిగా వదిలేయండి. (సభలో అందరూ చేశారు) భుజాలు ఎంత కిందకి దిగాయో చూశారా? అంటే ఇందాకటి దాకా అవి అక్కడ లేవు. నేను మాట్లాడుతున్నంత సేపూ మీ భుజాలు కొంత పైకే ఉన్నాయి, మీకు తెలియకుండా. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికన్ డాక్టరు గత శతాబ్దం తొలి దశకాల్లో అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. కండరాన్ని కావాలని బిగించి వదిలితే, బిగువుకీ సడలింపుకీ తేడా ఒంటికి తెలుస్తుంది. తేడా తెలిస్తేనే కదా వదలగలం. దీంతో పాటు ఊపిరి. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండేలా చూసుకోండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. కష్టమైన ఫోన్ కాల్ అయ్యాక నేను నిట్టూర్పులాంటివి ఐదారు తీసి లేస్తాను. చూసేవాళ్లు పాపం ఏం కష్టం వచ్చిందో అనుకుంటారు.

నిద్ర గురించి ఒక్క మాట. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటలు కావాలి. "నాకు ఐదు చాలు" అనేవాళ్లతో వాదించను, వాళ్ల రిపోర్టులో మైనస్ గుర్తులు వెతుకుతాను.

ఇప్పటిదాకా అంతా మన చేతిలోనే ఉన్నట్టు మాట్లాడాను. లేదు. ఇది చెప్పకపోతే మోసం చేసినట్టే. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద మైఖేల్ మార్మట్ బృందం దశాబ్దాల పాటు అధ్యయనం చేసింది. అందరూ అనుకునేది ఏంటి? పెద్ద బాధ్యతలున్న పెద్ద ఆఫీసర్లకే గుండెజబ్బులు ఎక్కువని. తేలింది తలకిందులు. కింది మెట్టులో ఉన్నవాళ్లకే ఎక్కువ. తమ పని మీద తమకి అదుపు లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని కనిపించింది. అంటే ఎంత పని ఉందన్నదే కాకుండా, ఎప్పుడు, ఎలా చేయాలో చెప్పే హక్కు ఎవరిదన్నది కూడా ఒంటి మీద పడుతుంది. కింద పనిచేసేవాళ్లకి వేళాపాళా లేకుండా పని పంపి, నెలకోసారి ధ్యానం క్లాసు పెట్టించే ఆఫీసులున్నాయి. గిన్నెకి చిల్లి పెట్టి గుడ్డ చేతికివ్వడం అది.

చట్టాలూ మెల్లగా కదులుతున్నాయి. పని వేళల తర్వాత ఫోన్, మెయిల్ పట్టించుకోకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో వచ్చింది. పోర్చుగల్‌లో అయితే 2021 చట్టం బాధ్యతని యాజమాన్యం మీదే పెట్టింది, పని వేళల బయట ఉద్యోగిని కదిలించకూడదని.

ఆడవాళ్ల సంగతి వేరే సభ పెట్టుకోవాల్సినంత ఉంది. ప్రపంచం మొత్తం మీద జీతం లేని ఇంటి పని, సంరక్షణ గంటల్లో 76.2 శాతం ఆడవాళ్లే చేస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క చెప్పింది. "పని అయ్యాక ఇంటికెళ్లి రిలాక్స్ అవ్వండి" అని ఎవరైనా చెబితే ముందు వరసలో ఆడవాళ్ల ముఖాలు చూడండి. ఒక డ్యూటీ దిగి ఇంకో డ్యూటీ ఎక్కుతున్న మనిషికి ఊపిరి చిట్కాలు చెప్పడం అన్యాయం. పక్కనున్నవాళ్లు లేచి సగం పని అందుకోవాలి. మా ఇంట్లో సాయం చేయడం అనే మాట మానేశాం. ‘సాయం’ అంటే అది నా పనే అని ఒప్పుకున్నట్టు. కొన్ని పనులు పూర్తిగా ఆయనవి, అవి మర్చిపోతే మర్చిపోయింది ఆయనే. ఇది రాసుకుని, మాట్లాడుకుని, రెండు మూడు సార్లు పోట్లాడుకుని కుదుర్చుకున్నాం.

ప్రశ్నలు తీసుకోమంటున్నారు. చెప్పండమ్మా.

(ప్రశ్న: మేడమ్, మా మేనేజర్ రాత్రి పదింటికి మెసేజ్ పెడతారు. జవాబు ఇవ్వకపోతే ఏమనుకుంటారోనని భయం.)

ఆయన్ని ఎప్పుడైనా అడిగారా, అది రాత్రికే కావాలా అని? అడగలేదు కదా. నేనూ ఇలాగే మెసేజ్‌లు పెట్టేదాన్ని. మర్చిపోతానేమోనని నా బుర్రలోంచి దించుకోవడానికి పెట్టేదాన్ని. అవతలి అమ్మాయి భోజనం మధ్యలో లేచి లాప్‌టాప్ తెరిచేదని రెండేళ్ల తర్వాత తెలిసింది. సిగ్గేసింది. ఇప్పుడు అలా గుర్తొస్తే మెసేజ్‌ని పొద్దున తొమ్మిదికి షెడ్యూల్ చేస్తాను. మీ మేనేజర్‌తో పగటిపూట, మామూలుగా ఉన్నప్పుడు మాట్లాడండి. "రాత్రి నిజంగా అర్జెంట్ అయితే కాల్ చేయండి సర్, తప్పకుండా ఎత్తుతాను. మెసేజ్ అయితే పొద్దున చూస్తాను" అనండి. చాలామంది సరే అంటారు. కాల్ చేయడానికి వాళ్లకీ మొహమాటం ఉంటుంది. అననివాళ్లు కూడా ఉంటారు, అలాంటి చోట ఈ చిట్కా పనిచేయదు. అప్పుడు ఆలోచించాల్సింది మెసేజ్ గురించి కాదు, ఉద్యోగం గురించి.

(ప్రశ్న: నాకు నా పనంటే చాలా ఇష్టం. రాత్రి పన్నెండు దాకా చేసినా అలసట అనిపించదు. నేనెందుకు ఆపాలి?)

మంచి ప్రశ్న బాబూ. నీ వయసెంత? ఇరవై ఆరా. (నవ్వులు) నేను నిన్ను ఆపను. ఇష్టమైన పనిలో మునిగిపోవడం ఒక భాగ్యం, దాన్ని జబ్బు అనకూడదు. ఒక్కటి చేసి చూడు. ఈ వారంలో ఒక రోజు, పని మంచి ఊపు మీద ఉన్నప్పుడు, ఏడింటికి లేచిపో. లేవగలిగితే ఇష్టం. లేవలేక చేతులు వణికితే, దాని పేరు వేరే. నువ్వే చూసుకుని నాకు ఉత్తరం రాయి. పొద్దున చూస్తాను.

ఏదో చీటీ వచ్చింది... టైమ్ అయిపోయిందట. నా చేతిలో ఇంకా రెండు పేజీలున్నాయి. మంచి పాయింట్లే ఉన్నాయి వాటిలో, నిన్న రాత్రి కూర్చుని రాశాను. (కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు) నమస్కారం.